పుస్తకంలో లేనిది ఏం సూసినవ్?

ఎవరింటి పెళ్లి కార్డు వచ్చినా నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. పెళ్లికూతురెవరు, ముహూర్తమెప్పుడు అన్నవి ఆ తర్వాత. వెనక తెల్లగా ఉందా, పెన్ను పెడితే సిరా పాకుతుందా, కత్తిరిస్తే ఎన్ని ముక్కలొస్తాయి, ఈ లెక్క తేలేదాకా నాకు మనసు నిలవదు. ఒకసారి మా గల్లీ పెద్దావిడ బొట్టు పెట్టి కార్డు చేతికిస్తే, ఆమె ముందే తిప్పి గోటితో గీకి చూశాను. "కార్డు నచ్చలేదా అమ్మా?" అని ఆవిడ చిన్నబుచ్చుకుంది. నచ్చిందండీ, మంచి మందంగా ఉంది అన్నాను. ఆవిడ అయోమయంగా నా ముఖంలోకి చూసి పక్కింటికి వెళ్లిపోయింది.

ఈ జబ్బు నాకు అంటించినాయన అశోక్‌నగర్‌లో ఉండేవాడు. పేరు రాయను. ఆయన చేత్తో రాసిన కార్డులు వందలకొద్దీ ఉండేవి. ఒక్కదాని మీద కూడా పేరు వేసుకోలేదు. అలాంటి మనిషిని ఇప్పుడు నేను పేరు పెట్టి బజారుకెక్కించడం బాగుండదు. మేమందరం కార్డుల సారు అనేవాళ్లం. అదీ ఆయనకు పడేది కాదు.

"నేను సార్‌ను గాదు బిడ్డా. జిందగీల ఒక్క పాఠం చెప్పిన్నా? సీసాలు కడిగిన, లేబుళ్లు అంటిచ్చిన. గంతే."

నిజమే. ఏదో కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా ఏళ్ల తరబడి పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ముందుగానే మానేసిన మనిషి ఆయన. కుడిచేతి వేళ్ల చివర్లు ఎప్పటివో మందులు పడి నల్లగా, పసుప్పచ్చగా మచ్చలు తేలి ఉండేవి. ఆ వేళ్లు ఒక్క క్షణం ఊరుకునేవి కావు. ఊరికే గోడ తడమడం, కిటికీ రెక్క వేసి తీయడం, చొక్కా గుండీ తిప్పడం. కూర్చోగా నేను చూడలేదు. ఆ గదిలో ఆయన కోసమని ఒక స్టూలుండేది, దాని మీద ఎప్పుడూ ఆయన సగం తాగి మరిచిపోయిన టీ గ్లాసే కూర్చుని ఉండేది.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నేను ఇంటర్ ఫస్టియర్‌లో కెమిస్ట్రీ తప్పాను. మాది చిక్కడపల్లి, కాలేజీ నారాయణగూడలో. తప్పడానికి కారణం చదవకపోవడం కాదు. నాలుగు గైడ్లు ముందేసుకుని, ఒకదాంట్లో రెండో పేజీకి రాగానే ఇంకోదాంట్లో ఇంతకంటే బాగా ఉందేమోనని అనుమానం పుట్టి అది తెరిచేదాన్ని. ఫ్రెండ్ నోట్స్ చూస్తే నావి చెత్తగా కనిపించేవి. రాసిందంతా రబ్బరుతో తుడిచి, మళ్లీ రాసి, కాగితం చిరిగి, చించేసి... ఏడాదంతా అలాగే గడిచింది. బషీర్‌బాగ్‌లో ఆఫీసు పని చేసే మా నాయన మెమో చూసి అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇంకొక్కసారి సూస్త. మళ్ల తప్పితే టైపింగ్‌ల చేర్పిస్త. అడిగొచ్చిన కూడ" అన్నాడు.

నాయన అన్నాడంటే అన్నట్టే. టైపింగ్ తప్పని కాదు. కానీ ఇంకా ఏమీ కాకుండానే నా చదువు అయిపోతుందన్న భయం నన్ను పట్టుకుంది. అప్పుడే మా క్లాసమ్మాయి చెప్పింది, "అశోక్‌నగర్‌ల ఒకాయన ఉన్నడు. ఆయన ఏం చెప్పడు. గని వస్తది."

వెళ్లాను. సందులో నేలమట్టపు ఇల్లు, ముందుగది. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన ఒక కొబ్బరిచిప్ప, దాని నిండా రకరకాల రబ్బర్లు. ఎందుకో అర్థం కాక అక్కడే నిలబడ్డాను. లోపల్నుంచి హవాయి చెప్పుల చప్పుడు ఇటు వచ్చింది, అటు పోయింది, మళ్లీ ఇటు వచ్చింది.

"రబ్బరున్నదా?"

"ఉంది సార్."

"చెప్పుల కాడ పెట్టు. సార్ అనకు. లోపలికి రా."

గోడ పొడుగునా చెప్పుల డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి, వాటి నిండా కార్డులు. నేలమీద చాపలు, నలుగురైదుగురు పిల్లలు ఎవరి గొడవలో వాళ్లు వంగి రాసుకుంటున్నారు. ఆయన ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఒకవైపు గుండ్రని అక్షరాలతో ప్రశ్న: పటిక బిళ్లను పెనం మీద పెడితే ఎందుకు పొంగుతుంది? కింద, టెక్స్టు బుక్కులో చూడాల్సిన పేజీ నంబరు, ఇంకో మూడు కార్డుల నంబర్లు. జవాబు వెనక ఉంటుందేమోనని తిప్పాను. వెనక "...రస్తు శుభమస్తు" అని బంగారు రంగు అక్షరాలు, ఎవరిదో సగం తెగిన ముహూర్తం.

"జవాబు లేదు సార్."

"పెండ్లి కార్డు మీద జవాబుంటదా?" అని ఆయన అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. "నన్నడుగకు. డబ్బానడుగు."

అదే ఆయన పద్ధతి. ఫీజు లేదు. ఇంటికొచ్చిన పెళ్లి కార్డులు తెచ్చిస్తే చాలు. వాటిని కత్తిరించి ప్రశ్నలు రాసేవాడు. ప్రశ్న ఇంకో ప్రశ్న దగ్గరికి, అది పుస్తకంలో పేజీకి, ఆ పేజీ మళ్లీ మూడో డబ్బాకి తీసుకెళ్లేది. వంటింట్లోంచి కిరోసిన్ స్టవ్వు తెచ్చి పటిక, నవాసారం, మైలతుత్తం కాల్చి చూసుకోవచ్చు. ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి, ఎవరికి వాళ్లే రాసుకోవాలి. రాసింది తప్పని తేలితే తుడవకూడదు. దాని మీద ఒక్కటంటే ఒక్క గీత కొట్టి, లోపలి అక్షరాలు కనిపిస్తూండగానే, పక్కన "ఎందుకు ఇట్ల అనుకున్న" అని రాయాలి. రబ్బరుకు ఆ గదిలో చోటు లేకపోవడం అందుకే.

"తుడిచినవనుకో, మళ్ల అదే తప్పు చేస్తవ్. తప్పు కండ్ల ముంగట ఉండాలె. ఎందుకు చేసినవో దానికే ఎరుక."

మొదటి నెల నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షలు తరుముకొస్తుంటే ఈయన పెళ్లి కార్డులతో ఆటలాడిస్తున్నాడని విసుక్కున్నాను. ఆయనేమో కాలు కాలిన పిల్లిలా ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉండేవాడు. మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేసి వంటింట్లోకి పోయేవాడు, పది నిమిషాల తర్వాత వచ్చి మిగతా సగం చెప్పేవాడు. ఆ ముందు సగం ఎవరికి చెప్పాడో మేం గుర్తుపెట్టుకోవాలి. నాకు ఆయన్ని చూస్తే చిరాకు, నన్ను నేనే చూసుకుంటున్నట్టు. కానీ ఒక తేడా ఉండేది. నా కంగారు నా గురించి. ఆయన కంగారు ఆ కార్డుల్లో ఎక్కడో ఒక తప్పు మిగిలిపోయిందేమోనని.

ఎవరైనా ఏదైనా కాల్చో కరిగించో వచ్చి చెబితే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "పుస్తకంల లేనిది ఏం సూసినవ్?"

దసరా సెలవుల్లో ఉక్కగా ఉన్న ఒక మధ్యాహ్నం నేను గరిటెలో మైలతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కాలుస్తున్నాను. నీలంగా ఉన్నది తెల్లటి పిండి అయింది. అది పుస్తకంలో ఉంది. గరిటె దించి, చల్లారాక వంగి చూస్తుంటే నా గడ్డం మీది చెమటబొట్టు అందులో పడింది. పడ్డచోట టక్కున నీలం చుక్క. నేను ఇంకో బొట్టు కోసం నుదురు తుడిచి విదిల్చాను. ఇంకో నీలం చుక్క. పిచ్చిదానిలా నవ్వుకుంటున్నాను. చెప్పుల చప్పుడు నా వెనక ఆగింది.

"ఏమైంది?"

చెప్పాను. ఆయన వంగి గరిటెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఒక్క మాటన్నాడు.

"సూసినవ్."

ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. బాగుంది అనడు, శభాష్ అనడు. రెండేళ్లు వచ్చినా ఆ మాట అనిపించుకోని వాళ్లున్నారు. అప్పటికప్పుడు ఒక ముక్క తీసి, నిలబడే, కిటికీ చట్టం మీద పెట్టుకుని, నా చెమటబొట్టును ప్రశ్నగా రాసి డబ్బాలో పెట్టేశాడు. నేను చూసింది రేపు ఎవరో చదువుతారు! ఆ రోజు అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిచానో ఎగిరానో తెలియదు.

అప్పట్నుంచి నాకు కావాల్సినవి రెండయ్యాయి. పరీక్ష గట్టెక్కడం. ఆ మాట మళ్లీ అనిపించుకోవడం. రెండింట్లో ఏది పెద్దదో ఆ వయసులో నన్నడిగితే పరీక్ష అనే చెప్పేదాన్ని. అబద్ధం చెప్పేదాన్ని.

సెకండియర్ ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చాయి. మాకు తెలియని ఒక లవణం ఇస్తారు, పరీక్షించి అదేమిటో తేల్చి రాయాలి. ముందురోజు ఆయన మమ్మల్నందరినీ గుమ్మం దాకా సాగనంపి అక్కడ ఆపాడు.

"రేపు మీకు అటెండర్ వచ్చి చెవుల చెప్తడు, మీ లవణం ఫలానాదని. నేను గూడ చెప్పినోణ్ణే. పిల్లలు పరేషాన్ అయితున్రు గదా అని ఏండ్లకేండ్లు చెప్పిన. చెప్పంగ చెప్పంగ ఆ పిల్లలకు కండ్లు లేకుండ చేసిన. వద్దంటే చెవులు మూసుకుంటరా, వింటరు. విన్నా గని, మంట వెట్టి సూసినంకనే రాయున్రి. గంతే నేనడిగేది."

నాకిచ్చిన లవణం తెల్లగా ఉంది. మొదటి పరీక్షలన్నీ వరుస తప్పకుండా చేశాను. చివరికి కాల్షియమా, స్ట్రాన్షియమా అన్నదగ్గర ఆగాను. మంటలో పెడితే తేలిపోతుంది. ఇటుక రంగు వస్తే ఒకటి, గాఢమైన ఎరుపు వస్తే రెండోది. ముద్ద కలిపాను. గాజుకడ్డీ అంచుకు అద్దాను. బర్నరు వైపు చెయ్యి చాచాను. అప్పుడు నా వెనకనుంచి ట్రే పట్టుకుని వెళ్తున్న అటెండరు ఆగకుండానే, "నీది స్ట్రాన్షియం నైట్రేట్ అమ్మా" అనేసి వెళ్లిపోయాడు.

కడ్డీ మంట దగ్గరే ఉంది. జానెడు దూరం. నేను పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో ఎన్నిసార్లు ఆలోచించానో. మంటలో ఇంకేదైనా రంగు కనిపిస్తే? ఎవర్ని నమ్మాలి, ఆయన్నా నా కళ్లనా? ఒకసారి తప్పినదాన్ని, నా కళ్ల మీద నాకు ఏం ధైర్యం? టైపింగ్ మిషన్ల టకటక చెవుల్లో మోగింది. కడ్డీ కడిగేసి, "గాఢమైన ఎరుపు మంట" అని రాసి, గీత గీసి, కాగితం ఇచ్చేసి బయటపడ్డాను. అటెండరు చెప్పింది నిజమే. మార్కులూ బాగానే పడ్డాయని తర్వాత తెలిసింది.

తిన్నగా ఇంటికి పోయినా సరిపోయేది. కాళ్లు అశోక్‌నగర్‌కే తీసుకెళ్లాయి. ప్రాక్టికల్ రాసిన ప్రతివాళ్లూ ఆయనకు వచ్చి చెప్పాలి, అది అక్కడి ఆనవాయితీ. ఆయన ఎదురుచూస్తూ వాకిట్లోనే తిరుగుతున్నాడు.

"ఏమొచ్చింది?"

"స్ట్రాన్షియం నైట్రేట్ సార్."

"మంట వెట్టినవా?"

"పెట్టిన సార్. డార్క్ రెడ్ వచ్చింది."

"అది పుస్తకంల ఉన్నది. పుస్తకంల లేనిది ఏం సూసినవ్?"

 ఏమీ లేదంటే పోయేది కదా. కానీ ఏమీ చూడలేదంటే నిజంగానే చూడలేదని పసిగడతాడని భయం. ఆ భయంలో నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముందుగాల కొంచెం గ్రీన్ కనిపించింది సార్. ఒక్క సెకను. తర్వాత రెడ్ అయింది."

ఆయన ఆగిపోయాడు. అన్నాళ్లలో ఆ మనిషి కదలకుండా నిలబడటం నేను చూసింది అప్పుడే.

"పచ్చనా?"

"అవును సార్."

"గాజుకడ్డీతోనా, చీపురుపుల్లతోనా?"

"గాజుకడ్డీతోనే."

"సూసినవ్" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "బేరియం గలిసి ఉండాలె దాంట్ల. లేకుంటే కడ్డీకి రాగి అంటి ఉండాలె. అగో, ఇన్నేండ్లు సీసాలు కడిగిన, నాకు గనవడలే సూడు!"

గబగబా లోపలికి వెళ్లి కార్డు ముక్క తీశాడు. అది వారం కిందట నేనే తెచ్చిచ్చిన మా అక్క పెళ్లి కార్డు, ఒక మూల పసుపు రాసి ఉంది. దాని వెనక నా అబద్ధాన్ని గుండ్రని అక్షరాలతో రాసి, పైన 212 అని నంబరేసి, డబ్బాలో పెట్టాడు. చెప్పులు విప్పి, రబ్బరు చిప్పలో వేసి వెనకే వెళ్లిన నేను చూస్తూ నిలబడ్డాను. చెప్పులేసుకునేటప్పుడు కొబ్బరిచిప్పలోంచి నా రబ్బరు తీసుకోవడం కూడా మరిచిపోయాను.

మూడు రోజులు ఇంట్లో ముళ్ల మీదే ఉన్నాను. థియరీ పరీక్షలకు కార్డులు కావాలి, వెళ్లక తప్పదు. వెళ్లేసరికి పట్టపగలు ఆ గది చీకటి. కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి ఉన్నాయి. మార్చి ఉక్కలో లోపలంతా గంధకం వాసన, పొగ. పొగ గొంతుకు అడ్డం పడి ఆయన దగ్గుతున్నాడు. ఆయన భార్య వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె మాట ఎప్పుడూ సూటి.

"మూడొద్దులసంది గిదే లొల్లి. దీపావళి లేదు, ఏం లేదు. ముషీరాబాద్ గల్లీలన్ని తిరిగి రంగు అగ్గిపెట్టెలు తెచ్చిండు. నువ్వన్న చెప్పు, నీ మాటింటడేమో."

లోపలికి వెళ్లాను. దీపావళికి పిల్లలు కాలుస్తారే, ఎర్ర మంట, పచ్చ మంట వచ్చే పుల్లలు, అవి చుట్టూ ఉన్నాయి. ఎరుపు మందు, పచ్చ మందు గీకి, పొడి చేసి, రకరకాల పాళ్లలో కలిపి కాలుస్తున్నాడు. చూపుడువేలి మీద బొబ్బ లేచింది.

"దా బిడ్డా, నువ్వే సూడు." ఒకటి వెలిగించాడు. ఏదో పాలిపోయిన రంగు భగ్గుమని ఆరిపోయింది. "ఎన్ని తీర్ల కాల్చినా పచ్చ ముందుగాల వస్తలేదు. నువ్వెట్ల సూసినవ్?"

ఆ చీకట్లో నా ముఖం ఆయనకు కనిపించదు. చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వడు. 

"ఏమో సార్... నా కండ్లకు అట్ల అనిపించిందేమో" అన్నాను.

అబద్ధం కంటే అదే నీచం. తప్పు నా కళ్ల మీదికి తోసేశాను.

"కండ్లు అబద్ధం చెప్పయ్ బిడ్డా. మనమే తొందరపడి పేరు వెడ్తం" అని ఆయన ఇంకో పుల్ల గీశాడు.

పరీక్షలు రాశాను. పాసయ్యాను, మంచి మార్కులతోనే. నాయన మిఠాయి పంచాడు. బషీర్‌బాగ్‌లో డిగ్రీలో చేరాను, కెమిస్ట్రీయే తీసుకున్నాను. రెండు మూడు నెలలకోసారి అశోక్‌నగర్ వెళ్లి, ఇంటికొచ్చిన పెళ్లి కార్డులు ఇచ్చి వచ్చేదాన్ని. ప్రతిసారీ 212 ఉన్న డబ్బా వైపు కళ్లు పోయేవి. ఎవరైనా పిల్ల ఆ డబ్బా ముందు కూర్చుంటే ఏ కార్డు తీస్తుందోనని పక్కకెళ్లి తొంగిచూసేదాన్ని. నా మాట నమ్మి ఎవరు ఎక్కడ ఏం రాస్తారో! ఒక రోజు ధైర్యం చేసి దొంగతనంగా తీసేద్దామనుకున్నాను కూడా. ఆ రోజు ఆయన ఆ గది వదిలి ఒక్క నిమిషం కూడా పోలేదు.

ఆ రోజుల్లోనే ఒక మార్పు గమనించాను. ఆయన తన ప్రశ్న మార్చేశాడు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఏదో కరిగించి చెప్పడానికి వస్తే, "ఏం కనవడలే?" అని అడిగాడు. ఆ అమ్మాయి తడబడి, "బుడగలొస్తయని పుస్తకంల ఉంది సార్, నాకు కనవడలే" అంది. "మంచిది. గదే రాయి" అన్నాడు. గోడవారన ఒక కొత్త డబ్బా కూడా చేరింది, దాని మీద "కనవడనియి" అని రాసి ఉంది. వయసు మీదపడి చాదస్తం పెరిగిందనుకున్నాను. నన్ను చూసి అటు తిరుగుతూనే అడిగాడు.

"నువ్వు జెప్పు బిడ్డా. నీకెప్పుడన్న ఏమన్న కనవడకుండ పోయిందా?"

"డిగ్రీల ఇవన్ని లేవు సార్, అంతా ఈక్వేషన్లే" అని నవ్వేశాను. ఆయన తలూపి కిటికీ వైపు వెళ్లాడు. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడిగాడు. ఇంకోసారీ అడిగాడు. ప్రతిసారీ నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. చెబితే ఆ "సూసినవ్" వెనక్కి తీసుకుంటాడని భయం. చెమటబొట్టుకిచ్చింది కూడా తీసేసుకుంటాడని భయం. ఉన్న ఆస్తి అదొక్కటే మరి.

ఎమ్మెస్సీ అయ్యి హైదర్‌గూడలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాది, తొంభైల చివర, ఆయన పోయాడు. నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి దినాలు కూడా అయిపోయాయి. గది ఖాళీగా, చప్పుడు లేకుండా ఉంది. ఆ చప్పుడు లేకపోవడం నేను తట్టుకోలేకపోయాను. స్టూలు మీద టీ గ్లాసు లేదు.

"డబ్బాలన్ని ఎవలకు గావాల్నో వాళ్లు తీస్కపోతున్రు. నువ్వు గూడ తీస్కపో బిడ్డా" అంది ఆయన భార్య. "ఉత్తగ ఉంటే నాకు సూడబుద్ధయితలేదు."

నేను ఒక్క డబ్బా కోసమే వచ్చాను. ముందు నా అబద్ధాన్ని చింపి పారెయ్యాలి. ఎవరి చేతిలోనూ పడకూడదు. నేలమీద కూర్చుని వేళ్లతో నంబర్లు తిప్పుకుంటూ పోయాను. 209, 210, 211. పసుపు మూల కనిపించింది. తీశాను.

"లవణాన్ని మంటలో పెడితే ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు. ఎందుకు?" అన్న ప్రశ్న మీద ఒక గీత ఉంది. ఒక్కటే గీత, లోపలి అక్షరాలన్నీ కనిపించేలా. పక్కన, కార్డు అంచుల వెంబడి, సన్నగా ఇలా రాసుంది.

"పాత కాలేజీకి పోయి ఆ లవణం చిటికెడు అడుక్కొచ్చి నాలుగుసార్లు మంటల పెట్టిన. పచ్చ లేదు. ఎందుకు ఇట్ల అనుకున్న: పిల్ల సూసి చెప్పిందనుకున్న. పుస్తకంల లేనిది చెప్పుమని నేనే అడిగితి. సూడలేదని చెప్పనీకె జాగ ఇయ్యకపోతి."

కింద తేదీ. అదే మార్చి. నా థియరీ పరీక్షలు కూడా ఇంకా అయిపోలేదు.

అంటే అన్నాళ్లూ ఆయనకు తెలుసు. తెలిసీ నాకు కార్డులిచ్చాడు, తెలిసీ నేను తెచ్చిన పెళ్లి కార్డులు తీసుకున్నాడు. ఏం కనవడలే అని అడిగిన ప్రతిసారీ నాకు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను నవ్వుతూ పక్కనుంచి వెళ్లిపోయాను. తప్పు నాదైతే, ఎందుకు చేశానన్నది మాత్రం ఆయన తన మీద రాసుకున్నాడు. ఏడుపొచ్చింది. కూర్చోలేకపోయాను. లేచి కిటికీ దాకా నడిచాను, గుమ్మం దాకా నడిచాను, మళ్లీ కిటికీ దాకా.

"ఏంది, దొరికిందా?" అంది ఆమె.

చింపడానికి వచ్చినదాన్ని పెన్ను తీశాను. కార్డు మీద అడుగున వేలెడు ఖాళీ మిగిలి ఉంది. కిటికీ చట్టం మీద పెట్టి, నిలబడే రాశాను. "నేను మంటలో పెట్టలేదు. అటెండర్ చెప్పింది రాశాను. ఎందుకంటే నా కళ్లను నమ్మలేదు."

ఆమె దగ్గరికొచ్చి చూసింది. ఆమెకు చదవడం రాదు.

"ఏం రాసినవ్?"

"అప్పుడు సార్‌కి చెప్పాల్సిందమ్మా."

"గిప్పుడు రాస్తే ఆయన సదువుతడా?"

"చదవరు."

 ఆమె కాలితో "కనవడనియి" అని రాసిన డబ్బాను నా వైపు జరిపింది. చదువు రాకపోయినా ఏ డబ్బా ఏదో ఆమెకు తెలుసు.

"అయితేంది, దీంట్ల వెయ్యి. ఎవలో ఒగలు సదువుతరు" అంది.

వేశాను. ఆ డబ్బా చంకన పెట్టుకుని, బస్సు కోసం ఆగలేక, హైదర్‌గూడ దాకా నడిచే వెళ్లాను.